ఒకే డేటాకు రెండు పేర్లు: హెచ్‌డీఎఫ్5లో హార్డ్ లింకు, సాఫ్ట్ లింకు

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఇన్‌శాట్-3డీ ఉపగ్రహం అరగంటకో చిత్రం చొప్పున దాన్ని పైనుంచి చూస్తూనే ఉంది. ఇస్రో ఈ చిత్రాలను హెచ్‌డీఎఫ్5 ఫైళ్లుగా అందిస్తుంది. పెద్ద పెద్ద శాస్త్రీయ డేటాను ఒకే ఫైల్లో దాచుకునే పద్ధతి అది. విశాఖలో తుపాన్ల మీద పరిశోధన చేసే విద్యార్థి ఒకరు వీటితో పాటు రేవులో నమోదైన ఆటుపోట్లు, ఆర్కే బీచ్, రుషికొండ, భీమిలి ఒడ్డున తీసిన ఇసుక కొలతలు అన్నీ ఒకే పెద్ద ఫైల్లో పెట్టుకున్నారనుకుందాం. రోజుల వారీగా ఒక వరస ఉంటుంది. తుపాన్ల పేర్లతో ఇంకో వరస ఉంటుంది. తీరం దాటిన వేళ తీసిన ఆ పరారుణ చిత్రం ఏ వరసలోకి వెళ్లాలి?

రెండింట్లోనూ ఉండాలి. చాలామంది చేసే పని కాపీ కొట్టడం. ఆర్నెల్లు తిరిగేసరికి రెండు కాపీల్లో ఒకటి సరిచేసింది, రెండోది సరిచేయనిది అవుతుంది. ఏది ఏదో ఎవరికీ గుర్తుండదు. ఈ తిప్పలు లేకుండా హెచ్‌డీఎఫ్5 రెండు దారులు ఇస్తుంది: హార్డ్ లింకు, సాఫ్ట్ లింకు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. డేటా మారే రోజు వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది.

హెచ్‌డీఎఫ్5 1998లో వచ్చింది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టింది, ఇప్పుడు హెచ్‌డీఎఫ్ గ్రూప్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతుల్లో ఉంది. ఫైలు లోపల ఫోల్డర్లలాంటి గ్రూపులు, వాటిలో డేటాసెట్లు, అంటే అంకెల పట్టికలు ఉంటాయి. మొదలు ఒక స్లాష్, అదే రూట్ గ్రూపు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది: డేటాసెట్‌కు తనకంటూ పేరు లేదు. అంకెలు, వాటి పరిమాణం, రకం, అట్రిబ్యూట్లు (డేటాను వివరించే చిన్న చీటీలు) మాత్రమే దాని సొత్తు. పేరు ఉండేది గ్రూపులో. గ్రూపు అంటే అసలు ఒక పేర్ల పట్టిక. పట్టికలో ఒక్కో వరస ఒక్కో లింకు. కొత్తగా డేటాసెట్ సృష్టించి పేరు పెట్టినప్పుడే మొదటి హార్డ్ లింకు పడిపోతుంది. అంటే హార్డ్ లింకు వాడనివాళ్లంటూ ఎవరూ లేరు. రెండోది వేయడమే చాలామంది చేయని పని.

రెండో హార్డ్ లింకు వేస్తే జరిగేది ఇంతే: ఇంకో గ్రూపు పట్టికలో ఇంకో పేరు చేరుతుంది, అది కూడా అదే డేటాను చూపిస్తుంది. డేటా తలభాగంలో తనను ఎన్ని హార్డ్ లింకులు పట్టుకుని ఉన్నాయో లెక్క ఉంటుంది. ఆ లెక్క 1 నుంచి 2 అవుతుంది. ఇంట్లో అప్పన్న, బడి రిజిస్టరులో సింహాచలం అన్నట్టు, పిలుపు రెండు, మనిషి ఒక్కడే. ఏ పేరుతో తెరిచి అంకె మార్చినా రెండో పేరులోనూ మారినట్టే. అట్రిబ్యూట్లూ అంతే, అవి పేరుకు కాదు, వస్తువుకు అంటుకుని ఉంటాయి. ఫైలు సైజు పెరిగేది కూడా ఆ పేరు పట్టేటంతే. లింకు వేస్తే ఫైలు బరువెక్కుతుందని జంకేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ జంకు అనవసరం.

సాఫ్ట్ లింకు తీరు వేరు. అది దాచుకునేది డేటా ఉన్న చోటును కాదు, ఒక పాత్‌ను, అంటే గ్రూపుల పేర్లతో దారి చెప్పే ఉత్త అక్షరాల వరసను. తెరిచిన ప్రతిసారీ ఆ పాత్ పట్టుకుని వెతుకుతూ వెళ్తుంది. అక్కడ ఆ క్షణంలో ఏది ఉంటే అది ఇస్తుంది. ఏమీ లేకపోతే తప్పు చూపిస్తుంది. డేటా తలభాగంలోని లెక్కలో దీనికి చోటు లేదు.

సీ భాషలో ఈ రెండు లింకులు వేసే ఫంక్షన్లను పక్కపక్కన పెట్టి చూస్తే స్వభావం అక్కడే తెలిసిపోతుంది. హార్డ్ లింకు ఫంక్షన్ మొదట అడిగేది, అసలు వస్తువు ఏ గ్రూపు కింద, ఏ పేరుతో ఉందని. తర్వాతే కొత్త పేరు ఎక్కడ పెట్టాలని. అసలుది లేకపోతే అక్కడే ఆగిపోతుంది. రెండూ ఒకే ఫైల్లో ఉండి తీరాలి. సాఫ్ట్ లింకు ఫంక్షన్ గమ్యం గురించి అడిగేది ఒక్క పాత్ మాత్రమే. అది నిజంగా ఉందా అని వాకబు చేయదు. అందుకే ఇంకా రాని డేటాకు కూడా ముందుగానే సాఫ్ట్ లింకు వేసి ఉంచొచ్చు.

పైథాన్‌లో హెచ్‌డీఎఫ్5 ఫైళ్లు చదివి రాసే హెచ్5పై లైబ్రరీ వాడేవాళ్లకు ఈ తేడా ఇంత స్పష్టంగా కనిపించదు. ఎడమపక్క కొత్త పాత్, కుడిపక్క పాత డేటాసెట్, మధ్యలో సమానం గుర్తు పెడితే హార్డ్ లింకు పడుతుంది. కుడిపక్క డేటాసెట్ బదులు సాఫ్ట్‌లింక్ అనే తరగతికి పాత్ ఇచ్చి పెడితే సాఫ్ట్ లింకు. ఇక్కడొక చిన్న కిటుకుంది. కుడిపక్క డేటాసెట్ పేరు చివర చదరపు బ్రాకెట్లు పెట్టి లోపల మూడు చుక్కలో, కోలనో రాస్తే లింకు పడదు. అంకెలన్నీ మెమరీలోకి వచ్చి, అక్కడినుంచి కొత్త డేటాసెట్‌గా ఫైల్లోకి ఎక్కుతాయి. ఏ తప్పూ చూపించదు. స్క్రిప్ట్ రాసినవాళ్లు లింకు వేశామనుకుంటారు, వేసింది కాపీ. ఫైలు సైజు ఒక్కసారిగా ఉబ్బితే ముందు ఆ బ్రాకెట్లనే వెతకాలి.

మళ్లీ తుపాను చిత్రం దగ్గరికి వద్దాం. దాని అసలు పాత్ /రోజులు/2014/10/12/0630 అనుకుందాం. 0630 యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) లెక్క. మన గడియారంలో సరిగ్గా పన్నెండు. ఈ గ్రూపులో ఐఎంజీ_టీఐఆర్1 అనే పరారుణ చిత్రం ఉంటుంది. అందులో ఉన్నవి ఉష్ణోగ్రతలు కావు, 0 నుంచి 1023 దాకా ఉండే ముడి అంకెలు. వాటిని ఉష్ణోగ్రతలుగా మార్చుకోవడానికి పక్కనే ఐఎంజీ_టీఐఆర్1_టెంప్ అనే 1024 విలువల పట్టిక ఉంటుంది. హుద్‌హుద్ గ్రూపులోకి చిత్రం ఒక్కదానికే లింకు వేసి పట్టికను వదిలేస్తే, తెరిచినవాళ్లకు అర్థంలేని అంకెలు మిగులుతాయి. కాబట్టి లింకు వేయాల్సింది చిత్రానికి కాదు, 0630 అనే గ్రూపు మొత్తానికి. యూనిక్స్‌లో ఫోల్డరుకు హార్డ్ లింకు వేయనివ్వరు. హెచ్‌డీఎఫ్5లో గ్రూపుకు కూడా వేయొచ్చు. ఈ ఒక్క వెసులుబాటు వల్లే ఈ పద్ధతికి నిజమైన విలువ వస్తుంది. ఆ గ్రూపులో రేపు ఇంకో పట్టిక చేర్చినా రెండు వరసల్లోనూ కనిపిస్తుంది.

ఇక అసలు మెలిక. డేటా సరిచేయాల్సి వచ్చినప్పుడు రెండు రకాల పనులు జరుగుతాయి, బయటికి రెండూ సరిచేయడంలాగే కనిపిస్తాయి. రేవు ఆటుపోట్ల కొలతల్లో కొన్ని గంటల అంకెలు తప్పుపడ్డాయనుకుందాం. ఉన్న డేటాసెట్‌లోనే ఆ అంకెల మీద కొత్తవి రాస్తే, హార్డ్ లింకు ద్వారా చూసేవాళ్లకూ సాఫ్ట్ లింకు ద్వారా చూసేవాళ్లకూ సరైన అంకెలే కనిపిస్తాయి. కానీ పెంచుకునే వీలు లేకుండా సృష్టించిన డేటాసెట్‌కు వరసలు పెరిగాయి, లేదా పూర్ణాంకాల బదులు దశాంశాలు వచ్చాయి, లేదా కంప్రెషన్ మార్చాలనిపించింది. అప్పుడు పాతదాని మీద రాయడం కుదరదు. ఉన్న పేరు మీద కొత్తది సృష్టించబోతే ఆ పేరు ఇప్పటికే ఉందని తప్పు వస్తుంది. అందుకని అందరూ చేసేది ఒకటే: పాతది డిలీట్ చేసి, అదే పేరుతో కొత్తది రాయడం.

అక్కడ దారులు చీలిపోతాయి. డిలీట్ అంటే ఇక్కడ లింకు తీసేయడమే. లెక్క 2 నుంచి 1కి దిగుతుంది. డేటా చావదు, తుపాన్ల వరసలో ఉన్న రెండో హార్డ్ లింకు దాన్ని పట్టుకునే ఉంటుంది. రోజుల వరసలో అదే పేరుతో కొత్త డేటాసెట్ పుడుతుంది. ఇప్పుడు రెండు పేర్లూ రెండు వేర్వేరు వస్తువుల్ని చూపిస్తాయి, పాత తప్పు అంకెలు తుపాను గ్రూపులో భద్రంగా ఉండిపోతాయి. ఎక్కడా హెచ్చరిక రాదు. తుపాను గ్రూపులో ఉన్నది సాఫ్ట్ లింకే అయితే పాత్ పట్టుకుని నేరుగా కొత్తదాని దగ్గరికే వెళ్తుంది.

అలాగని సాఫ్ట్ లింకే మేలని తేల్చేయడానికి లేదు. ఒక సిద్ధాంత వ్యాసంలో బొమ్మలన్నీ ఫలానా అంకెల మీద గీశారు. ఆ అంకెలు తర్వాత ఎవరు ఏం సరిచేసినా మారకూడదు, ఎందుకంటే వ్యాసం వాటి మీదే నిలబడి ఉంది. అక్కడ పాతదాన్ని పట్టుకుని వదలకపోవడమే కావాలి, డిలీట్ చేసి కొత్తది రాసే సవరణల నుంచి హార్డ్ లింకు అలా కాపాడుతుంది, ఉన్నచోటే అంకెలు మారిస్తే మాత్రం కాపాడలేదు. /తాజా అని ఒక పేరు పెట్టి, ఎప్పుడు తెరిచినా ఆ పాత్‌లో అప్పుడున్న కొలతలే రావాలనుకుంటే సాఫ్ట్ లింకు పెట్టాలి. అంటే వేసేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: చదివేవాళ్లకు ఈ డేటాయే కావాలా, లేక ఈ పేరుతో రేపు ఏది ఉంటే అది కావాలా? ప్రయోగశాలల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. స్క్రిప్ట్ మొదట రాసినాయన ఏ లింకు వేస్తే అదే వాడుకలో స్థిరపడిపోతుంది.

హార్డ్ లింకుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు పేర్లలో అసలుది ఏదని ఫైలును అడిగితే జవాబు రాదు. రెండూ సమానమే, ముందు పుట్టిన పేరుకు పెద్దరికం ఏమీ లేదు. న్యూట్రాన్, ఎక్స్‌రే ప్రయోగ కేంద్రాలు వాడే నెక్సస్ అనే పద్ధతి దీనికొక ఉపాయం కనిపెట్టింది: లింకు వేసిన డేటాకు టార్గెట్ అనే అట్రిబ్యూట్ తగిలించి, అందులో అసలు పాత్ రాసిపెడుతుంది. ఏ పేరుతో తెరిచినా ఆ అట్రిబ్యూట్ చదివితే సొంత ఊరు తెలుస్తుంది. తుపాను ఫైళ్లకూ ఇది అరువు తెచ్చుకోదగ్గ అలవాటు.

డిస్కు నిండిపోయి ఎవరో 2014 గ్రూపు మొత్తాన్ని డిలీట్ చేశారనుకుందాం. ఆ గ్రూపు కింద తప్ప ఇంకెక్కడా లింకు లేనివన్నీ పోతాయి. తుపాన్ల వరసలో హార్డ్ లింకు ఉన్నవి బతుకుతాయి. సాఫ్ట్ లింకు ఉన్నవాటికి పేరు మాత్రం మిగులుతుంది. హెచ్5పైలో ఆ గ్రూపు పేర్ల జాబితా అడిగితే ఆ పేరు వస్తుంది. అదే పేరు ఉందా అని ‘ఇన్’తో అడిగితే లేదంటుంది. తెరవబోతే కీ ఎర్రర్. ఒకే పేరు గురించి రెండు రకాల జవాబులు చూసి ఫైలు పాడైందని బెంబేలు పడక్కర్లేదు, అది తెగిన సాఫ్ట్ లింకు. ఇంత డిలీట్ చేసినా ఫైలు సైజు మాత్రం తగ్గకపోవచ్చు. లోపల ఖాళీ ఏర్పడుతుంది కానీ ఫైలు దానంతట అది కుంచించుకోదు. హెచ్5రీప్యాక్ అనే పరికరంతో ఫైలును కొత్తగా రాయించుకుంటేనే డిస్కు ఖాళీ అయ్యేది.

లెక్క సున్నా అయితేనే తీసేయడం అనే ఈ పద్ధతికి ఒక లొసుగు ఉంది. గ్రూపుకు హార్డ్ లింకు వేయొచ్చు కాబట్టి, హుద్‌హుద్ గ్రూపులోంచి రోజుల గ్రూపుకు, రోజుల గ్రూపులోంచి హుద్‌హుద్‌కు లింకులు వేసి వలయం చుట్టేయొచ్చు. తర్వాత పైనుంచి వచ్చే లింకులు రెండూ తీసేస్తే, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నందువల్ల ఏదీ సున్నా కాదు. రూట్ నుంచి వాటికి దారి ఉండదు, ఆక్రమించిన జాగా మాత్రం ఉంటుంది. పైగా నెట్‌సీడీఎఫ్-4 లైబ్రరీ హెచ్‌డీఎఫ్5 మీదే కట్టినదైనా, గ్రూపుల్లో ఇలాంటి వలయాలున్న ఫైళ్లను చదవలేదు. వాతావరణ, సముద్ర శాస్త్ర రంగాల్లో చాలా పనిముట్లు నెట్‌సీడీఎఫ్ ద్వారానే చదువుతాయి. కనుక హార్డ్ లింకు ఎప్పుడూ కిందివైపుకే వేయాలి, పైనున్న గ్రూపుకు వేయకూడదు.

పైకి వెళ్లడం అన్నమాట వచ్చింది కాబట్టి: లైనక్స్‌కు అలవాటుపడ్డవాళ్లు సాఫ్ట్ లింకు పాత్‌లో రెండు చుక్కలు పెట్టి పై ఫోల్డరుకు వెళ్లబోతారు. హెచ్‌డీఎఫ్5లో అది పనిచేయదు. ఒక చుక్కకు ‘ఇదే గ్రూపు’ అని అర్థం ఉంది, రెండు చుక్కలకు ప్రత్యేకమైన అర్థమేమీ లేదు. ఆలోచిస్తే సబబే, ఒక గ్రూపుకు ఇద్దరు ముగ్గురు తల్లులు ఉండగలిగే చోట, పైకి వెళ్లమంటే ఏ తల్లి దగ్గరికి వెళ్లాలి? దీనివల్ల, స్లాష్‌తో మొదలుకాని సాఫ్ట్ లింకు తానున్న గ్రూపు నుంచి కిందికే చూడగలదు. తుపాన్ల వరసలోంచి రోజుల వరసకు వెళ్లాలంటే రూట్ నుంచి పూర్తి పాత్ రాయక తప్పదు.

ఆ పూర్తి పాత్‌లే కాపీ చేసేటప్పుడు ఇబ్బంది పెడతాయి. హుద్‌హుద్ గ్రూపును ఒక్కదాన్నే తీసి స్నేహితుడి ఫైల్లోకి పంపితే, హార్డ్ లింకు ఉన్న చిత్రాలు పూర్తిగా వెళ్తాయి. సాఫ్ట్ లింకు ఉన్న చోట ఉత్త పాత్ మాత్రమే వెళ్తుంది, అవతలి ఫైల్లో రోజుల వరస లేదు కనుక అది తెగిన లింకు అవుతుంది. కాపీ చేసేటప్పుడు సాఫ్ట్ లింకుల్ని విప్పి అసలు డేటానే పంపమని చెప్పే వీలుంది. హెచ్5పై కాపీ ఫంక్షన్లో ఎక్స్‌పాండ్_సాఫ్ట్ అన్నది అదే. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది.

ఇక్కడిదాకా పాత్‌లన్నీ తెలుగులోనే రాసుకొచ్చాం. అది ఊహ కాదు, హెచ్‌డీఎఫ్5 లింకు పేర్లకు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూనికోడ్ పద్ధతి) చెల్లుతుంది, హెచ్5పైలో తెలుగు పేరు నేరుగా ఇచ్చేయొచ్చు. కాకపోతే లైబ్రరీ పేర్లను పోల్చేది బైట్లుగా, అక్షరాలుగా కాదు. కైలాసగిరిలో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వం, ఐత్వపు కొమ్ము అని రెండుగా విడదీసీ రాయొచ్చు. తెరమీద రెండూ ఒకటే. బైట్లు వేరు. ఒక కంప్యూటర్లో టైపు చేసిన పేరుకు ఇంకో ప్రోగ్రాము విడదీసి రాసిన పాత్‌తో సాఫ్ట్ లింకు వేస్తే, కళ్లెదుట ఉన్న గ్రూపే దొరకడం లేదంటుంది. హుద్‌హుద్‌లో పొల్లు నిలబెట్టడానికి వాడే కనిపించని అక్షరం ఇంకా ఘోరం. అది పేరు చివర ఒకటి అదనంగా తగులుకున్నా మనిషి కంటికి దొరకదు. హార్డ్ లింకుకు ఈ బాధ తక్కువ: పేరు తప్పైతే వేసేటప్పుడే ఆగిపోతుంది. సాఫ్ట్ లింకు తప్పు పేరును కూడా సంతోషంగా దాచుకుంటుంది. తెలుగు పేర్లు వాడదలిస్తే రాసే ప్రతి చోటా ఒకే యూనికోడ్ రూపానికి మార్చి, కనిపించని అక్షరాలను కూడా ఒకేలా ఉంచి రాయడం ఒక్కటే మందు.

ఫైలు దాటి వెళ్లాలంటే ఎక్స్‌టర్నల్ లింకు ఉంది, 2008లో 1.8 వెర్షన్‌తో వచ్చింది. ఇది సాఫ్ట్ లింకుకు అన్నలాంటిది: పాత్‌తో పాటు ఫైలు పేరు కూడా దాచుకుంటుంది. ఏడాదికో ఫైలు చేసుకుని, పైన ఒక చిన్న ఫైల్లో అన్నిటికీ ఎక్స్‌టర్నల్ లింకులు పెట్టుకోవడం మంచి ఏర్పాటే. పూర్తి డ్రైవ్ పేరుతో రాస్తే మాత్రం హార్డ్‌డిస్క్ ఇంకో కంప్యూటరుకు తగిలించిన రోజు అవి తెగిపోవచ్చు. ఫైలు పేరు మాత్రమే రాస్తే, లింకు ఉన్న ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో అక్కడ కూడా వెతుకుతుంది కాబట్టి అన్నీ ఒకేచోట పెట్టి మోసుకెళ్లొచ్చు. ఇంకో సంగతి: పై ఫైలును రాసే పద్ధతిలో తెరిస్తే, లింకు ద్వారా తెరుచుకునే ఫైలు కూడా మామూలుగా రాసే పద్ధతిలోనే తెరుచుకుంటుంది. అదే సమయంలో పక్క కంప్యూటర్లో ఎవరో దాన్ని చదువుతుంటే లాక్ తగాదా మొదలవుతుంది.

వారసత్వంగా ఒక ఫైలు చేతికి వచ్చినప్పుడు ముందు హెచ్5ఎల్ఎస్ అనే, ఫైలు లోపలి పేర్ల జాబితా చూపే పరికరంతో చూడటం మంచిది. రెండో హార్డ్ లింకు కనిపిస్తే ఫలానాదే ఇది అన్నట్టు మొదటి పాత్ చూపిస్తుంది, సాఫ్ట్ లింకు అయితే అది దాచుకున్న పాత్ చూపిస్తుంది. పైథాన్‌లో విజిట్‌ఐటమ్స్ అనే ఫంక్షన్‌తో జాబితా తీసి దాన్నే నమ్ముకోకూడదు. అది ఒక్కో వస్తువును ఒక్కసారే చూపిస్తుంది కాబట్టి రెండో హార్డ్ లింకు పేరు రాదు, సాఫ్ట్, ఎక్స్‌టర్నల్ లింకుల్ని అసలే దాటేస్తుంది. హెచ్5ఎల్ఎస్‌కు సింబాలిక్ లింకుల (సాఫ్ట్, ఎక్స్‌టర్నల్) వెంట వెళ్లమని, తెగినవి ఉండకూడదని రెండు ఆప్షన్లు కలిపి ఇస్తే, ఒక్క తెగిన లింకు ఉన్నా 1 అనే సంకేతంతో బయటికి వస్తుంది. ఫైలును సర్వర్లోకి ఎక్కించే స్క్రిప్ట్‌లో ఆ ఒక్క లైను ముందు పెట్టి, 1 వస్తే ఎక్కించకుండా ఆపేస్తే చాలు.